ఒంటిగది ఆటవెలది: టీకా తాత్పర్య సహితం

అవతారిక: హైదరాబాదులోని నాచారం, ఉప్పల్ సందుల్లో గేటుకో బోర్డు వేలాడుతుంది. పైన "టు-లెట్" అని మంగళాచరణం, కింద ఫోన్ నంబరు రూపంలో ఫలశ్రుతి, మధ్యలో "సింగిల్ రూమ్" అన్న రెండు మాటల్లో కథంతా. ఈ వైపు జనం ఇంత శ్రద్ధగా చదివే సాహిత్యం మరొకటి లేదు. అయినా దీనికి ఇంతవరకు ఒక్క వ్యాఖ్యానమూ రాలేదు. ఆ లోటు తీర్చడానికి స్నేహపురి నుంచి హెచ్‌ఎంటీ నగర్ దాకా, చిలుకానగర్ నుంచి బీరప్పగడ్డ దాకా కనిపించిన బోర్డుల సారాన్ని ఒక పద్యంగా కుదించి, టీక కూడా నేనే రాస్తున్నాను. మూలకర్తా వ్యాఖ్యాతా ఒకడే అయినప్పుడు "కవి హృదయం అది కాదు" అనే పేచీ ఉండదు.

ఛందస్సు ఆటవెలది. సీసం ఎందుకు రాయలేదంటే, సీసానికి నాలుగు పెద్ద పాదాలు కావాలి, అవి చాలవన్నట్టు కింద ఎత్తుగీతి అనే సెల్లారొకటి కావాలి. అంత జాగా ఉన్నవాడు అద్దె బోర్డు చదవడు.

గదియె యిల్లు, వంటగదియును పడకయు
నదియె; చెప్పు విడువ నరుగు లేదు;
మేడపైన మిగులు మిన్నంత మనదయ్య;
అద్దె చెప్పకున్న నడుగవలదు!

వ్యాఖ్యాతలకు కులదైవం మల్లినాథ సూరి. కాళిదాసుకు టీకలు రాసి దేశమంతటికీ పాఠం చెప్పిన ఆ కోలాచలం వారిది మన మెదక్ దగ్గరి కొల్చారం. మూలంలో లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అని ఆయన నియమం పెట్టుకున్నారు. ఒంటిగదిలో కాపురం చేసేవాళ్ల నియమమూ దాదాపు అదే: అవసరం లేనిది లోపలికి తేకూడదు. నేను మాత్రం ఈ వ్యాఖ్యలో ఆ నియమం పాటించబోవడం లేదు.

ఒక హెచ్చరిక. "చిన్నిల్లు" అనే మాటకు తెలుగులో ఉన్న రూఢ్యర్థాన్ని ఇక్కడ గ్రహించరాదు. ఆ ఇంటి అద్దె వేరు, దానికి బోర్డూ ఉండదు.

గదియె యిల్లు: గది మాత్రమే ఇల్లు అని అన్వయం. "గదియె" లోని ఏవకారం అవధారణార్థకం; అంటే "ఇంకో గది ఉందేమో" అని తలుపు వెనక వెతకవద్దని భావం. గదికి ప్రమాణం ఏమిటి? జాతీయ భవన నిర్మాణ నియమావళి అనే శాస్త్రం, మనుషులు నివసించే గది 9.5 చదరపు మీటర్లకు తగ్గరాదని, వెడల్పు 2.4 మీటర్లయినా ఉండాలని చెబుతుంది. అడుగుల్లోకి మార్చితే 102 చదరపు అడుగులు. లోకవ్యవహారంలో గది అంటే పదికి పది. అంటే నూరు. శాస్త్రానికీ లోకానికీ మధ్య తేడా వచ్చిన ఆ రెండడుగులు మెట్ల కింద ఓనరు గారి చెప్పుల స్టాండు రూపంలో ఉన్నాయని పెద్దలు చెబుతారు.

ఇక్కడ ఒక ఆధునిక పాఠాంతరం ఉంది: "గొట్టమె యిల్లు". 2021లో కరీంనగర్ జిల్లా బొమ్మకల్‌కు చెందిన పేరాల మానసారెడ్డి అనే యువ సివిల్ ఇంజినీరు, మురుగునీటి కాలువలకు వేసే సిమెంటు గొట్టాన్ని ఇల్లుగా మార్చి చూపించారు. లోపలే మంచం, వంటగట్టు, బాత్రూం. హాంకాంగ్ వాస్తుశిల్పి జేమ్స్ లా రూపొందించిన ఓపాడ్ దీనికి ప్రేరణ. ఆయన గొట్టం వ్యాసం రెండున్నర మీటర్లు. ఈవిడ తొలి గొట్టపుటిల్లు ఉప్పల్ దాటితే వచ్చే చెంగిచెర్లలో, బంధువుల స్థలంలో వెలిసిందని, ఇలాంటి ఇంటికి మూడున్నర నుంచి ఐదున్నర లక్షల దాకా అవుతుందని అప్పట్లో పత్రికలు రాశాయి. చాలామంది గొట్టాన్ని చూసి ఆశ్చర్యపోయారు. వ్యాఖ్యాత దృష్టి మాత్రం "బంధువుల స్థలంలో" అన్న పదం మీద నిలుస్తుంది. గొట్టం ధర లక్షల్లో తెమిలిపోతుంది గాని, గొట్టంతో పాటు నేల రాదు. ఉప్పల్‌లో గజం ధర తెలిసినవాడు ఆ బంధువుకే ముందు నమస్కరిస్తాడు. గుండ్రటి గోడకు క్యాలెండరు తగిలిస్తే మీదికి వాలుతుందన్నది రెండో చిక్కు.

వంటగదియును పడకయు నదియె: వంటిల్లూ అదే, పడకిల్లూ అదే. అలంకారం ఉల్లేఖం. ఒకే వస్తువును వేర్వేరు జనం వేర్వేరుగా భావిస్తే అది ఉల్లేఖాలంకారమని లక్షణం. ఈ గదినే ఓనరు సింగిల్ రూమ్ అంటాడు, బ్రోకరు వన్ ఆర్‌కే అంటాడు, ఇల్లాలు వంటిల్లంటుంది, ఊరి నుంచి వచ్చిన మామగారు "హాల్ల కూసుంట" అంటాడు, ఇంటి నుంచి పనిచేసే కొడుకు ఆఫీసంటాడు. అందరూ ఒకే చాప మీద కూర్చుని ఉంటారు.

చిన్న ఇంటి మీద ప్రపంచంలో పెద్దపెద్దవాళ్లు ప్రయోగాలు చేశారు. ఫ్రాన్సులో వాస్తుశిల్పి ల కార్బూజియే 1952 నాటికి సముద్రపు ఒడ్డున తనకోసం 3.66 మీటర్ల చదరపు గది కట్టుకున్నాడు. అందులో వంటగది లేదు. పక్క హోటల్లోకి నేరుగా ఒక తలుపు పెట్టించుకున్నాడు. టోక్యోలో మరో వాస్తుశిల్పి కిషో కురొకావా 1972లో 140 గదుల నకాగిన్ టవర్ నిలబెట్టాడు. ఒక్కో గది పది చదరపు మీటర్లు, అందులోనూ పొయ్యి లేదు. 2022లో దాన్ని విప్పేశారు. ఇద్దరు మహానుభావులు చేతులెత్తేసిన చోట నాచారం మేస్త్రీ గెలిచాడు. అదే కొలతలో ఒక మూల కడప బండ వేసి, కింద సిలిండరుకు చోటు వదిలి, పైన అటక దించి, అటక మీద సంక్రాంతికి తప్ప దిగని ఇత్తడి గుండిగకు కూడా జాగా చూపించాడు. పోపు వేసినప్పుడు పడక మీది పసివాడు తుమ్ముతాడన్నది నిజమే. శాస్త్రం వంటగదికి వేరే ఐదు చదరపు మీటర్లు అడిగింది ఆ తుమ్ము కోసమేనేమో.

చెప్పు విడువ నరుగు లేదు: పద్యానికి ప్రాణం ఈ పాదం. చాలామంది దీన్ని చెప్పుల సమస్యగా చదివి ముందుకు పోతారు. సమస్య అరుగుది.

మన పాత ఇళ్లు ఏమంత పెద్దవి? సాలెవాళ్ల ఇంట్లో మగ్గం పోను మిగిలేదెంత? కూలివాళ్ల గుడిసెలో దూలం తలకు తగిలేది. అయినా అవి ఇరుకని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే ఇంట్లో సగం పని ఇంటి బయట జరిగేది. ముసలాయన అరుగు మీద, గింజలు వాకిట్లో, మంచాలు వేపచెట్టు కింద, స్నానం బావి దగ్గర. గోడల లోపలిది సామాను పెట్టుకునే చోటు. ఇల్లంటే వాడ మొత్తం. నాచారం, ఉప్పల్, మల్లాపూర్‌లలో పారిశ్రామికవాడలు వచ్చాక నల్లగొండ నుంచి, ఓరుగల్లు నుంచి, పాలమూరు నుంచి, తర్వాత ఒడిశా, బిహార్ నుంచి పనికి వచ్చిన వాళ్లు ఆ ఇంటి లోపలి సగాన్ని మాత్రమే అద్దెకు తీసుకున్నారు. బయటి సగం ఊళ్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు వీధి ఏమైంది? రెండువందల గజాల ఇంటాయన కారెక్కడానికి వేసిన ర్యాంపు మూడడుగులు వీధిలోకి దిగుతుంది, అది అభివృద్ధి. వంద అడుగుల గది వాళ్ల నాలుగు జతల చెప్పులు గుమ్మం దాటి అడుగు బయటికొస్తే, అది న్యూసెన్స్. చిన్నిల్లు ఇరుకయ్యేది గోడల వల్ల కాదు, గుమ్మం బయట ఏమీ మిగలకపోవడం వల్ల అని ఈ పాదానికి ధ్వన్యర్థం.

చట్టం చిన్న స్థలాన్ని చూసి జాలిపడకపోలేదు. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ అనే భవన అనుమతుల చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో, పైన ఒక్క అంతస్తు దాకా కట్టుకునేవాళ్లకు అనుమతి అక్కర్లేదు. రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. 75 గజాలంటే 675 చదరపు అడుగులు. సొంతానికి కట్టుకున్న పేదవాడికి ఇది వరమే. కాని చట్టం ఒక అంతస్తంటే ఆశ మూడంటుంది. అంతస్తుకు రెండు గదులు, మెట్ల కింద ఒకటి, ట్యాంకు పక్కన ఒకటి. చివరికి పేద ఓనరు, అతనికంటే పేద కిరాయిదారు ఒకే గేటు తాళానికి పోటీ పడతారు.

మేడపైన మిగులు మిన్నంత మనదయ్య: మేడ మీద మిగిలిన ఆకాశమంతా మనదే. ఇది ఓనరు నోటి మాట. "మన" అన్నాడు కనుక కిరాయిదారు కూడా అందులో ఉన్నట్టే. ఈ వ్యాకరణం అడ్వాన్సు చేతికి అందేదాకా చెల్లుతుంది.

హైదరాబాదులో "పెంట్‌హౌస్" అంటే వేరే దేశాల్లో లాగా కోటీశ్వరుడి విడిది కాదు. నీళ్ల ట్యాంకు నీడలో, రేకుల కప్పుతో ఉండే గది. మే నెలలో మధ్యాహ్నం నల్లా తిప్పితే గీజరు అక్కర్లేకుండా వేణ్నీళ్లు వస్తాయి. అది ఉచిత వసతి. (ఆ నీళ్లు కృష్ణవైనా గోదావరివైనా ఉప్పల్‌లో "మంజీర" అనే అంటారు. దీనికి వేరే వ్యాఖ్యానం కావాలి.) అయినా ఈ గదికి గిరాకీ ఎందుకు తగ్గదు? తలుపు తీస్తే డాబా. వంద అడుగుల గదికి ఏడువందల అడుగుల ముంగిలి. వడియాలు, ఆవకాయ ముక్కలు, జంబుఖానా, సంక్రాంతికి పతంగి, మ్యాచ్ ఉన్న రాత్రి స్టేడియం దీపాల వెలుతురు, కరెంటు పోతే పక్క డాబా వాళ్లతో ముచ్చట. ఊళ్లో వదిలి వచ్చిన అరుగు మూడో అంతస్తు మీద దొరికిందన్నమాట. ఒంటిగది కాపురంలో నిజమైన సుఖం ఏదైనా ఉంటే అది ఇక్కడుంది. ఊడ్చడానికి ఐదు నిమిషాలు, వాదించుకున్నాక అలిగి కూర్చోవడానికి వేరే గది లేక అరగంటలో రాజీ, కొనాలనిపించిన ప్రతి వస్తువుకూ "ఏడ పెడుదం?" అనే ప్రశ్న. ఇవన్నీ సుఖాలే. కాని వీటన్నిటికీ పైకప్పు ఆ డాబానే.

పూర్వపక్షం: "అమెరికాలో చదువుకున్నవాళ్లే ఇష్టపడి చిన్న ఇళ్లు కట్టుకుంటున్నారు కదా, మీ నాచారం వాళ్లకు ఎందుకీ బాధ?" అని ఒకరు అడగవచ్చు. సమాధానం చెబుతున్నాను. అమెరికా గృహ నిర్మాణ నియమావళికి 2018లో చేర్చిన అనుబంధం, 400 చదరపు అడుగులు మించని ఇంటిని చిన్న ఇల్లంటుంది. మన ఇప్పటి ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024లో మొదలైంది. ఐదు లక్షల సాయంతో కట్టే ఆ ఇంటికి కనీస కొలత 400 చదరపు అడుగులు. అంతకుముందటి డబుల్ బెడ్రూం ఇల్లు 560. అక్కడ చిన్నతనానికి గరిష్ఠం, ఇక్కడ పేదరికానికి కనిష్ఠం, రెండూ ఒకే అంకె మీద కలుసుకున్నాయి. మన పద్యంలోని గది ఆ అంకెలో నాలుగో వంతు. పెద్దిల్లు విడిచి వచ్చినవాడికి చిన్నిల్లు వ్రతం. పెద్దిల్లు ఎరగనివాడికి అది కిరాయి. వ్రతం చేసేవాడు ఎప్పుడైనా ఉద్యాపన చేసుకోవచ్చు.

అద్దె చెప్పకున్న నడుగవలదు: బోర్డు మీద అద్దె రాయరు. అడిగేది మీరు కాదు, ఓనరమ్మ.

"ఎంతమంది ఉంటరమ్మా?"

"నలుగురం ఆంటీ."

"చుట్టాలు మస్తు వస్తరా?"

"లేదాంటీ, పండుగకే."

"ఏ ఊరు మనది?"

"భువనగిరి దగ్గర."

"ఇంటిపేరేంది?"

చివరి ప్రశ్న ఎందుకు వచ్చిందో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ తెలియనట్టే నవ్వుతారు. కొన్ని ఇంటిపేర్లకు ఆ గది అప్పటికే వేరేవాళ్లకు ఇచ్చేసి ఉంటుంది. బోర్డు మాత్రం ఇంకో నెల గేటుకే వేలాడుతుంది. పద్యంలో హాస్యం లేని చోటు ఇదొక్కటే. అడ్వాన్సు విషయంలో కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసానికి రెండు నెలల అద్దెను మించి తీసుకోవద్దంది. నమూనా కనుక దాన్ని చూసి మెచ్చుకోవడమే మన పని. ఇక అద్దె సంగతికొస్తే, మెట్రో 2017 నవంబరులో ఉప్పల్‌కు వచ్చింది, 2023లో రింగ్‌రోడ్డు మీద స్కైవాక్ వచ్చింది. రెండూ ఈ గది అద్దెలో కలిశాయి, గదికి మాత్రం ఒక్క అడుగూ కలవలేదు.

తాత్పర్యం: చిన్న ఇంట్లో బతకడం మనకు కొత్త కాదు, కష్టమూ కాదు, బయట నాలుగడుగులు ఉన్నంతకాలం.

కాబట్టి ఉప్పల్, నాచారం ఓనర్లకు వ్యాఖ్యాత విన్నపం. ఈసారి ఇల్లు కట్టేటప్పుడు ర్యాంపు పక్కన ఒక మూరెడు అరుగు కట్టించండి. కట్టేసినవాళ్లు డాబా తలుపుకు వేసిన తాళం తీసి, చెవి మెట్ల దగ్గర మేకుకు తగిలించండి. ట్యాంకు మూత ఎవరు తెరిచి ఉంచారన్న గొడవ ఎలాగూ వస్తుంది. దానికి భయపడి ఆకాశానికి తాళం వేయకండి.