టోక్యో సందేశం: టీకా తాత్పర్య సహితం

మూలం: క్షేమంగా చేరాను. ఊరు బావుంది. రోజంతా మీటింగులే. తిండికి ఇబ్బంది లేదు. ఏం తెమ్మంటారు?

అవతారిక: హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరొకాయన పని మీద టోక్యో వెళ్ళి, ఇంటి వాట్సాప్ గ్రూపులో వెలయించిన కృతి ఇది. మనకు రాత్రి ఎనిమిదిన్నరకు అందింది. టోక్యో మూడున్నర గంటలు ముందుంటుంది గనుక రచనాకాలం అర్ధరాత్రి. ఛందస్సు లేదు. మంగళాచరణం లేదనడానికి వీల్లేదు, ‘క్షేమం’తోనే ఎత్తుకున్నాడు. గ్రూపులో చాలామంది బొటనవేలు చూపి ఊరుకున్నారే తప్ప అర్థం అడిగినవారు లేరు. అందువల్ల మాకీ శ్రమ.

క్షేమంగా చేరాను: సులభం. నరిటా విమానాశ్రయానికీ నగరం నడిబొడ్డుకూ నడుమ సుమారు 60 కిలోమీటర్లు. రైల్లో నిద్రపోయాడు.

ఊరు = షింజుకు రైల్వే స్టేషను. ‘ఊరంటే స్టేషనెలా అవుతుంది?’ అని పూర్వపక్షం. గంగలో గొల్లపల్లె అంటే పల్లె నీళ్ళలో ఉందని కాదు, ఒడ్డున ఉందని. అక్కడ లక్షణావృత్తిని ఒప్పుకున్నవారు ఇక్కడా ఒప్పుకోవాలి. హోటలు నుంచి స్టేషనుకు, స్టేషను నుంచి ఆఫీసుకు, మళ్ళీ స్టేషనుకు తిరిగిన కవి చూసింది అదొక్కటే. అయినా అది ఊరనిపించుకోదగ్గదే. బయటికి రావడానికి 200కు పైగా దారులున్నాయి. కోవిడ్‌కు ముందు రోజుకు 35 లక్షల మంది దాకా దాని గుండా నడిచి గిన్నిస్ పుస్తకానికెక్కించారు. పడమట తేలితే ఆకాశహర్మ్యాలు, నగర ప్రభుత్వ భవనం. తూర్పున తేలితే దుకాణాలు, కబుకిచో దీపాలు. కవి ఆఫీసు పడమట ఉంది. కవి తూర్పున తేలాడు. ఈ స్టేషను మీదుగా పోయే యమనోతె లైను 34.5 కిలోమీటర్ల చక్రం, 30 స్టేషన్లు. దిగడం మరిచినవాడు ఇంచుమించు గంటలో ఎక్కినచోటికే వస్తాడు. పునర్జన్మను నమ్మనివారికి టికెట్టు కొనిపెట్టి ఎక్కించవచ్చు.

బావుంది: మేనత్తగారు చదివి వినిపించిన ప్రతిలో ‘బాగానే ఉంది’ అని పాఠాంతరం. ఆ ‘నే’ వల్ల రసభంగం, కాబట్టి ప్రక్షిప్తం. ఇక ధ్వని. పొద్దుటి రద్దీలో నలిగాడు గాని నిశ్శబ్దంగా నలిగాడు. రైలుపెట్టెలో ఎవరూ ఫోనులో మాట్లాడరు. ఎస్కలేటరు మీద అందరూ ఎడమపక్క నిలబడతారు (ఒసాకాలో కుడిపక్క, అదొక శాఖాభేదం). చెత్తబుట్ట మాత్రం కనబడదు. ఖాళీ కాఫీ డబ్బా, నలిపిన టిష్యూ, రెండు రసీదులు కవి కోటు జేబులో సాయంత్రం దాకా మీటింగులకు హాజరయ్యాయి. 1995 మార్చి 20న ఓమ్ షిన్రిక్యో మనుషులు భూగర్భ రైళ్ళలో సారిన్ విషవాయువు వదిలారు. ఆ తర్వాత స్టేషన్లలో, వీధుల్లో బుట్టలు చాలామటుకు తీసేశారు. బుట్టలు పోవడానికి కారణం భయం, చెత్త పడకపోవడానికి కారణం ఇంటికి పట్టుకుపోయే అలవాటు. రెండూ కలిపి ‘జపాను సంస్కారం’ అని ఒక్కముక్కలో తేల్చే వ్యాఖ్యాతలతో మాకు పేచీ.

మీటింగులే: ఏకారం అవధారణార్థకం. విజిటింగు కార్డును రెండు చేతులా అందుకోవాలి, చదవాలి, బల్ల మీద ఎదురుగా పెట్టుకోవాలి. వెనక జేబులో దోపడం మహాపాతకం. అతిథి ఆసనం తలుపుకు దూరంగా ఉంటుంది. కవి మన పెళ్ళిళ్ళ అలవాటు కొద్దీ వినయంగా తలుపు పక్క కుర్చీలో కూలబడ్డాడు. ఎదుటి పక్షం నలుగురూ ఎక్కడ కూర్చోవాలో తోచక నిలబడిపోయారు.

తిండికి ఇబ్బంది లేదు: అపహ్నుతి. మామూలు భాషలో అబద్ధం. కవి శాకాహారి. నూడిల్స్‌లో ముక్క కనబడకపోవచ్చు గాని పులుసులో దాషీ ఉంటుంది. తరచుగా అది ఎండుచేప పొరలు మరిగించిన కషాయమే. మరి బతికెలా ఉన్నాడు? పగలు అన్నం ముట్టని దేవదత్తుడు లావెక్కుతున్నాడంటే రాత్రి తింటున్నాడని మీమాంసకులు తేల్చారు. అర్థాపత్తి ప్రమాణం. రాత్రంతా తెరిచుండే కొన్‌బినీ కొట్టులో దొరికే ఒనిగిరి అనే ముక్కోణపు అన్నపుముద్ద ఇక్కడ జీవాధారం. ప్లాస్టిక్కు చుట్టు మీద 1, 2, 3 అంకెలుంటాయి. 1 దగ్గర పట్టి నిలువునా చీల్చి, 2, 3 మూలలు చెరోవైపు లాగితే, విడి పొరలో పొడిగా దాచిన సముద్రపు నాచు పలక అన్నానికి చుట్టుకుంటుంది. కవి 3తో మొదలెట్టాడు. నాచు ప్లాస్టిక్కులోనే ఉండిపోయింది, అన్నం చేతికొచ్చింది. లోపల ఉప్పులో ఊరిన పుల్లటి ఉమెబోషి పండు. కళ్ళు చెమర్చాయి. పులుపు వల్ల అని కొందరు, ఇల్లు గుర్తొచ్చి అని కొందరు. మాకు మొదటిదే సమ్మతం.

అదే షింజుకులో నకమురాయా అనే దుకాణం 1927లో భారతీయ కూర వడ్డించడం మొదలుపెట్టింది. బ్రిటిషువాళ్ళ చేతికి చిక్కకుండా 1915లో జపాను చేరిన విప్లవకారుడు రాస్‌బిహారీ బోస్‌ను దాచి, పిల్లనిచ్చిన ఇల్లది. కూర అల్లుడి చలవ. కోడికూర కాబట్టి కవికి తెలిసినా ప్రయోజనం లేదు.

ఏం తెమ్మంటారు?: అక్కడి స్టేషన్లలోనే మిఠాయి పెట్టెలు అమ్ముతారు. ఊరెళ్ళొచ్చినవాడు ఆఫీసులో తలకొకటి పంచాలి గనుక ముక్కలు విడివిడిగా చుట్టి, లెక్క పెట్టె మీదే వేస్తారు. ప్రశ్నకు గ్రూపులో మూడు జవాబులొచ్చాయి. తల్లి: ‘నువ్వొస్తే చాలు’. కొడుకు: బొమ్మలతో, ధరలతో పెద్ద జాబితా. భార్య: ‘మీ ఇష్టం’. మొదటిది భక్తి, రెండోది వచనం, మూడోది సూత్రం. ఆ సూత్రానికి భాష్యం కవే స్వయంగా రాసుకోవాలి, అదీ షాపులు మూసేలోగా.