మునిగిన కారుకు క్లెయిమ్ రాకుండా చేసుకోవడం ఎలా?

2020 అక్టోబర్‌లో హైదరాబాద్ కాలనీలు మునిగినప్పుడైనా, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు విజయవాడ సింగ్ నగర్ మీద పడ్డప్పుడైనా, కారు మునగడానికి యజమాని పడాల్సిన కష్టమేమీ లేకపోయింది. పల్లంలో పార్కింగ్ ఉంటే చాలు. మునిగిన కారుకు బీమా డబ్బు రాకుండా చేసుకోవాలంటే మాత్రం స్వయంకృషి కావాలి.

అన్నిటికన్నా తేలిక దారి, థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే కట్టి ఊరుకోవడం. పోలీసు ఆపితే చూపించడానికి కాగితం ఉంటుంది. మీ కారు వరదలో కొట్టుకుపోయినా పైసా రాదు. మీరు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

అందరూ ఫుల్ ఇన్సూరెన్స్ అనే ప్యాకేజీ పాలసీ ఉన్నవాళ్లకే అసలు చిక్కు. అందులో వరద, తుఫాను, ముంపు, వడగళ్లు పేరుపేరునా రాసి ఉంటాయి. సెల్లార్‌లో ఆపిన కారు ఆపినట్టే మునిగితే, కంపెనీకి కాదనడానికి సందు దొరకడం కష్టం. ఆ సందు మీరే చూపించాలి.

నీళ్లు తగ్గగానే వెళ్లి కార్లో కూర్చోండి. సీటు తడిగా ఉంటే గోనెపట్టా వేసుకోండి. పై అంతస్తు బాల్కనీ నుంచి ఎవరో ఒక బాబాయిగారు ‘‘ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూడు నాయనా, పోయేదేముంది?’’ అంటారు. పెద్దల మాట జవదాటకండి. అంతవరకూ సిలిండర్‌లోకి చేరిన నీళ్లు ఎవరి జోలికీ పోకుండా ఉంటాయి. మీరు సెల్ఫ్ కొట్టగానే పిస్టన్ పైకి లేచి వాటిని నొక్కుతుంది. గాలైతే నలిగేది. నీళ్లు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. టక్కుమని ఒక్క చప్పుడొచ్చి ఇంజన్ బిగుసుకుపోతే మీ పని అయినట్టే. మెకానిక్కులు హైడ్రోస్టాటిక్ లాక్ అనేది దీన్నే.

ఇప్పుడు చూడండి తమాషా. కార్పెట్టు, సీట్లు తడిసింది వరద ఖాతాలోనే ఉంటుంది. ఇంజన్ మాత్రం ‘కాన్సిక్వెన్షియల్ లాస్’ ఖాతాలోకి, అంటే పాలసీ ఇవ్వనంటున్న పర్యవసాన నష్టంలోకి పోతుంది. నీళ్లు వానవి, తాళం తిప్పిన చెయ్యి మీది అని కంపెనీ వాదన. వాదన సంగతి అలా ఉంచితే, ‘నీళ్లలో ఆగితే స్టార్ట్ చేయకండి’ అని తాళంచెవికి ఒక చీటీ కట్టి ఇవ్వడానికి ఎంతవుతుంది? పాలసీ అమ్మేటప్పుడు కీచెయిన్లూ క్యాలెండర్లూ ఇస్తారు కదా!

సెల్లార్ లేనివాళ్లు నిరాశ పడనక్కర్లేదు. జోరువానలో మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కిందికి, ముందు బస్సు పోయింది కదా అని దిగండి. ఆగిపోయాక పదేపదే సెల్ఫ్ కొట్టండి. చెడిన బండిని బాగుచేయించకుండా నడిపితే పెరిగిన నష్టం యజమానిదేనన్న షరతు పాలసీలో ముందే ఉంది.

సర్వేయర్ వచ్చేలోగా కారు శుభ్రంగా కడిగించండి, ఫొటోలు తీయకండి. ఆయన ఎలాగూ సీటు బెల్టు చివరిదాకా లాగి బురద చార చూస్తాడు. డిప్‌స్టిక్ తీసి, ఆయిల్ పాలు ఎక్కువైన టీలా ఉందేమో చూస్తాడు. నీళ్లు కార్పెట్టు దాకానా, సీటు దాకానా, డాష్‌బోర్డు దాకానా అన్నదాని మీదే బిల్లు నడుస్తుంది. డాష్‌బోర్డు మునిగిందంటే ఎలక్ట్రానిక్స్ మీద ఆశ వదులుకోవచ్చు. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన కారు విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్క. పాత కారున్నవాళ్లు కొందరు లోలోపల మొక్కుకునేది ఇందుకే.

ఇంత చేసినా క్లెయిమ్ పాసైపోతే కంగారుపడకండి, తరుగుదల ఉంది. ఆ తరుగుదల కోయకుండా ఉండే జీరో డిప్ యాడ్-ఆన్ తీసుకోకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, బ్యాటరీకి సగమే ఇస్తారు. కారుకు నాలుగేళ్లు దాటితే ఇనుప భాగాల్లోనూ 35 శాతం కోత.

రెన్యువల్ రోజున ఏజెంటు ‘‘సార్, ఇంజన్ ప్రొటెక్ట్ కూడా కలపమంటారా?’’ అంటే, ‘‘మన ఏరియాలో నీళ్లెక్కడివండీ’’ అనేయండి. సరిగ్గా ఇలా నీళ్లతో చెడిన ఇంజన్ కోసమే ఆ యాడ్-ఆన్ పెట్టారు.

ఇక మీ పక్కింటాయన జోలికి పోకండి. ఆయన తాళం ముట్టుకోడు, బ్యాటరీ వైరు పీకిస్తాడు, నీళ్లలో ఉండగానే నాలుగు పక్కలా ఫొటోలు తీసి కంపెనీకి ఫోన్ చేసి, టోయింగ్ బండి వచ్చేదాకా వరండాలో పేపరు చదువుకుంటాడు. అలాంటివాళ్లకు డబ్బొచ్చేస్తుంది.