దాళ్వ చేను: సటీక తాత్పర్యము

మూలము

ఆ. దమ్ము చేసినట్టి దాళ్వ చేనికి వచ్చి
గట్టు మీద నిలిచి కాచి చూచు
దొరను జూచి రైతు తొలుత నడిగె నిట్లు:
"చేను కొనెదవయ్య? చెప్పు ధరను."

అవతారిక. జనవరి ఉదయమున గోదావరి డెల్టాలో పిట్టలు చూడబోయిన యొక ఉద్యోగికి ఎదురైన ప్రశ్న ఇందు వస్తువు. రసము హాస్యమని కొందఱు. మాకు సమ్మతము కాదు.

ప్రతిపదార్థము. దమ్ము చేసినట్టి = నీరు పెట్టి ట్రాక్టరుతో మెత్తని బురద చేసిన; దాళ్వ చేనికి = రెండవ పంట వరిపొలమునకు; వచ్చి = స్కూటరు కాలువ గట్టున నిలిపి వచ్చి; గట్టు మీద నిలిచి = వేఱు పొడిచోటు లేక నిలిచి; కాచి చూచు = టీ కూడ మఱచి చూచుచున్న; దొరను = మెడలో దుర్భిణీ, కాళ్లకు బూట్లు గలవానిని; రైతు = చేను గలవాడు; తొలుత = "ఏ ఊరండీ" అనుటకును ముందే; ఇట్లు అడిగెన్ = ఇట్లనెను. తక్కినది స్పష్టము. "కొనెదవు" అను ఏకవచనము గణముల కోసము వచ్చినది. గోదావరి రైతు ఎంత కోపములోనైనను "కొంటారేంటండీ" అనియే అనును.

విశేషములు. "దాళ్వ" అనుట సాభిప్రాయము. తొలిపంటయగు సార్వా కోత ముగిసి, ధవళేశ్వరము కాలువల నీరు మరల చేలలోనికి వచ్చి, దమ్ము పడి, ఊడ్పు కావలసియున్న ఆ కొలది దినములే పిట్టలకు పండుగ. బురద తిరుగబడి పురుగులు, వానపాములు, నత్తలు పైకి తేలును. నత్తగుల్ల కొంగలు ట్రాక్టరు వెంట నడచును. సైబీరియా వైపునుండి వచ్చిన ఉల్లంకులు చీలమండ లోతు నీటిలో ముక్కులు గ్రుచ్చుచుండును. నాటిన నారు ఏపుగా లేచెనా, పొట్టికాళ్ల పిట్టకు ఆ చేనిలో పని లేదు.

శంక: కొల్లేరు ఉండగా చేనికేల వచ్చెను? సమాధానము: కొల్లేరు 1999లో అభయారణ్యము, 2002లో రామ్‌సర్ స్థలము అయినది, అచటి ఆటపాకలో గూడబాతులను బడిపిల్లలు సైతము గుర్తింతురు. గూడబాతును గుర్తించుట విద్య కాదు. గోధుమరంగు పిట్టలలో ఏది ఏదో చెప్పుట విద్య.

"కాచి చూచు" అనుచోట, చూచినది ఏ పిట్ట యని వ్యాఖ్యాతలు తలలు పగులగొట్టుకొనిరి. తెల్లని కనుబొమ్మ కంటిని దాటి వెనుకకు సాగిన వుడ్ శాండ్‌పైపర్. కంటి యొద్దనే ఆగిన గ్రీన్ శాండ్‌పైపర్. ఎగిరినపుడు రెక్క అడుగున లేతరంగైన మొదటిది, నలుపైన రెండవది. ఇంతవఱకు సుగమము. స్నైపు దగ్గఱ శాస్త్రము చిక్కున పడును. కామన్ స్నైపునకు తోకలో సాధారణముగా 14 ఈకలు. పిన్‌టెయిల్ స్నైపునకు సుమారు 26, అంచువి సూదులవంటివి. స్నైపు గడ్డిలో నక్కియుండగా కనబడదు. కాలిక్రిందనుండి అరచి వంకరటింకరగా లేచిన పిమ్మట ఈకలు ఎవరు లెక్కింతురు? కావున పండితులు "కామన్ లేక పిన్‌టెయిల్" అని వ్రాసి చేతులు కడుగుకొందురు. ఇది నిజాయితీయే గాని ఓటమి కాదని మా మతము.

శంక: పిట్టలు చూచువానిని కొనువాడని రైతు ఏల భ్రమించెను? సమాధానము: భ్రమ కాదు, అనుభవము. ఆ సీమలో పరుల చేని గట్టున నిలిచి తేఱిపాఱ చూచువాడు సర్వేయరైనను కావలెను, చేపలచెరువునకు లీజు అడుగువాడైనను కావలెను. చెరువైన చేనిలో నీరు లోతు. ఉల్లంకికి కాలు ఆనదు. కొంగలు వాలకుండ పైన వలలు, తాళ్లు వేయుదురు.

తాత్పర్యము. ఓ దొరా! నీవు చూచు పిట్టలు ఈ రైతు వరి వేయుటచేత వచ్చినవి. ధర నచ్చి అతడు చేను చెరువుకిచ్చినచో వచ్చే జనవరికి నీకిక్కడ పని లేదు. కావున ఇది హాస్యము కాదు, బేరము.

పాఠకులకు మనవి. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుండి ఏటా జనవరిలో జరుగుచున్నది. మీ ఊరి చేనిలో చూచిన పిట్టలను లెక్కించి అందులో చేర్పుడు. ముందు రైతును అడుగుడు. గట్టు తెగకుండ మెల్లగా నడువుడు. తెగినచో పెట్టిన నీరంతయు పక్కచేనికి పోవును.