తెరకు నోరొచ్చింది!

తరగతిలోకి సాంకేతికత వస్తే పిల్లలకు నోరొస్తుందన్నారు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంతటా సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులొచ్చాయి. ఆనక నల్లబల్లల చోట వేలితో తాకితే పలికే తెరలు దిగాయి. డిజైన్ పాఠానికి ఇంకేం కావాలి? బొమ్మ గీయడం, నలుగురి ముందూ పెట్టడం, 'ఇదెందుకిలా?' అని అడిగించుకోవడం, చెరిపి మళ్లీ గీయడం. ఆ చదువు నడిచేదే మాటల మీద. శ్రీకాకుళం జిల్లా భావనపాడు ఒడ్డునా అంతే, పడవ బాగుచేస్తుంటే పదిమంది పది సలహాలిస్తారు. పాపం, దాన్ని డిజైన్ స్టూడియో అని ఎవరూ అనలేదు, మార్కులూ వేయలేదు.

తీరా బడిలో మాట్లాడేది తెర. పిల్లలు చేతులు కట్టుకుని వినేవాళ్లు. కరెంటు పోతే మాత్రం చర్చ జోరందుకుంటుంది.

సంతబొమ్మాళి మండలం మూలపేటలో ఆ తెర మీద 'మీ ఇంటికి మీరే డిజైన్ గీయండి' అన్న పాఠం పెట్టారనుకోండి. 2023 ఏప్రిల్ 19న ఓడరేవుకు శంకుస్థాపన జరిగిన చోటది. ఆ రేవు కోసం ఊరు ఖాళీచేసి నౌపడ దగ్గర పునరావాస కాలనీకి పొమ్మన్నారు. ఓ పిల్ల లేచి అడుగుతుంది: "మాస్టారూ, వల ఆరేసుకోడానికి వాకిలి ఎంత వెడల్పుండాల? కాలనీ ప్లాను గీసినోల్లు మా అయ్యనడిగారేటి?"

మాస్టారు తెర వంక చూస్తారు. అది అప్పటికే 'నెట్‌వర్క్ లేదు' అని తప్పుకుంటుంది. ప్రభుత్వ కొలువులో చేరి ఎన్నాళ్లయిందనీ, అప్పుడే పని నేర్చేసింది!