పాచికల సర్వర్ గారికి గాజువాక నుంచి విన్నపం

మహారాజశ్రీ ఆన్‌లైన్ పాచికల సర్వర్ గారి సముఖమునకు,

విశాఖపట్నం, గాజువాక నుంచి ఒక రిటైర్డ్ ఉక్కు కార్మికుడు నమస్కరించి రాయునది.

మొన్న ఆదివారం లూడోలో ఇరవై పందేలు వేసినా నాకు ఒక్క ఆరు పడలేదు. నా కాయలు నాలుగూ ఇంట్లోనే కూర్చుంటే మిత్రుడి కాయ పండిపోయింది. డబ్బు పెట్టలేదు లెండి. ఆన్‌లైన్ డబ్బు పందేలను రాష్ట్రం 2020లో, కేంద్రం 2025లో నిషేధించాయి. మేం పెట్టేది పరువు.

లెక్క కట్టాకే రాస్తున్నాను. నిఖార్సైన పాచికైనా వరసగా ఇరవైసార్లు ఆరు తప్పే అవకాశం వందకు రెండున్నర పైచిలుకు. అంటే వెయ్యిమంది ఆడితే ఇరవై ఆరుగురికి నా గతే. ఆ ఇరవై ఆరుగురం మిమ్మల్ని శకుని అంటాం, మిగతావాళ్లు నోరెత్తరు. పైగా ఎదుటివాడికి పడ్డ ఆరు గుర్తున్నట్టు మనకు పడ్డది గుర్తుండదు. ఇంతవరకు తప్పు మాదే.

ఇక మీ సంగతి. ఉక్కునగరం క్వార్టర్స్ మెట్ల మీద అష్టాచెమ్మా ఆడినప్పుడు గవ్వలు నలుగురి కళ్లముందే దొర్లేవి. ఎవడైనా గుప్పిట్లోంచి జార్చబోతే "పైకెగరేసి వెయ్యరా" అనేవాళ్లం. మీ గుప్పిట మాకు కనపడదు. అందులో పాచికే లేదట. ఒక విత్తు సంఖ్య నుంచి వరసగా అంకెలు పుట్టించే సూత్రం ఉందట. విత్తూ సూత్రమూ తెలిసినవాడికి రాబోయే పందేలన్నీ ముందే తెలుస్తాయని మా మనవడు చెప్పాడు. శకునికి ఇంతకంటే ఏం కావాలి?

ఆటగాడి మీద జాలిపడి అవకాశాల తూకం మార్చేవాళ్లూ ఉన్నారు. ఫైర్ ఎంబ్లమ్ అనే జపాన్ యుద్ధతంత్రపు ఆటలో, కొన్ని భాగాల్లో, దెబ్బ తగిలే అవకాశం 80 శాతమని తెరమీద చూపి లోపల 92 చొప్పున తగిలించారు. మనిషికి అదే న్యాయంగా తోస్తుంది మరి. మాకు ఆ జాలీ వద్దు.

మా ఊరి పద్ధతి వినండి. పోర్టులో బొగ్గు దించకముందూ దించాకా ఓడ నీళ్లలో ఎంత మునిగిందో గీతలు చూసి సరుకు లెక్క తేలుస్తారు. ప్లాంటులో కరిగించిన ప్రతి విడత ఉక్కు నుంచీ శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లేది. "నేను కరిగించాను, మంచిదే" అంటే ఎవరూ ఒప్పుకోరు.

మీరూ అంతే చేయండి. ఆటకు ముందే మీ విత్తుకు హాష్ అనే సీలు వేసి మాకు పంపండి. తర్వాత మేం తలా ఒక అంకె అందులో కలుపుతాం. ఆట ముగిశాక ఆ విత్తును బయటపెట్టండి. సీలు సరిపోయిందో లేదో మనవడు చూసిపెడతాడు.

1966లో "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అంటూ రోడ్డెక్కిన ఊరు మాది. ఆరు మా హక్కని అనటం లేదు. గవ్వలు దొర్లేటప్పుడు చూడటం మాత్రం మా హక్కే.

ఇట్లు,
నాలుగు కాయలూ ఇంట్లోనే ఉన్న మీ ఆటగాడు