బేస్‌మెంటు నేల పద్యానికి టీకా తాత్పర్యం

తేమ చూడకుండ తెచ్చి పూసిన రంగు
పొరలు పొరలుగాను పొట్టు రాలు;
అంచు మొదట దిద్ది యావలి మూలకుఁ
బోయి మెట్ల వైపు పూసి రమ్ము!

అవతారిక: అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో చలికి మట్టి గడ్డకడుతుంది కనుక పునాది అంతకంటే లోతుకు దిగాలి. ఎలాగూ తవ్వారు కదా అని ఆ గొయ్యిని బేస్‌మెంటు పేరుతో ఇంటితోపాటు అమ్ముతారు. న్యూజెర్సీ తెలుగు గృహస్థు కొన్నేళ్లు అందులో సూట్‌కేసులూ పాత సైకిళ్లూ దాచి, ఒకనాడు హోమ్ థియేటర్‌కు సంకల్పం చెప్పుకుంటాడు. అతణ్ణి ఉద్దేశించినదీ పద్యం.

ప్రతిపదార్థం: తేమ = అడుగు మట్టిలోంచి కాంక్రీటులోకి ఎగబాకే చెమ్మ; చూడకుండ = పరీక్షించక; తెచ్చి = తగ్గింపు ధరకు వచ్చిందని మోసుకొచ్చి; పొట్టు = ఉల్లిపొట్టు వలె; రాలు = లేచిపోవును; అంచు = గోడా నేలా కలిసే చోటు; దిద్ది = కుంచెతో పూసి; ఆవలి మూల = మెట్లకు అన్నిటికన్నా దూరపు మూల; రమ్ము = చిక్కుపడక బయటపడుము.

తాత్పర్యం: స్పష్టము.

విశేషాంశములు: తేమ చూడమన్నాడు గాని ఎట్లా చూడాలో కవి చెప్పలేదు. ఆ భారం ఎప్పుడూ వ్యాఖ్యాతదే. 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో నేలకు అంటించి, కనీసం 16 గంటలు వదిలి, ఎత్తి చూడవలెను. కింద నీటిబొట్లు పట్టినా, కాంక్రీటు నల్లబడినా రంగు డబ్బా మూత తీయరాదు. నేల మీద తెల్లని ఉప్పుపొడి తేలడమూ చెమ్మకు సాక్ష్యమే. దాన్ని గీకేస్తే సాక్ష్యం పోతుంది, నీరు పోదు. చెమ్మ లేదని తేలాక నాలుగు చుక్కల నీళ్లు చల్లి చూడాలి. ఇంకితే సరే. ఇంకక నిలిస్తే పాత సీలరో నూనో ఉన్నట్టు. అది వదిలేదాకా రంగు పట్టదు.

"అంచు మొదట" అనుటపై పూర్వపక్షం: నాలుగు గోడల అంచులూ ఒకేసారి దిద్ది, భోజనం చేసి వచ్చి రోలర్ పట్టరాదా? రాదు. కుంచె గీత ఆరిపోయాక రోలర్ దాని మీదికి వస్తే గోడ పొడుగునా ముదురు పట్టీ తేలుతుంది. కాబట్టి కొంత దిద్దడం, అది తడిగా ఉండగానే రోలర్ నడపడం. అందులోనూ రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ అయితే కలిపిన ఘడియ నుంచే గట్టిపడటం మొదలెడుతుంది. కనుక ఇది దంపతులిద్దరూ కలిసి చేయదగిన కర్మ. కుంచె ఎవరిది, రోలర్ ఎవరిది అనే ప్రశ్న ఈ వ్యాఖ్య పరిధిలో లేదు.

గోడకూ నేలకూ నడుమ సందుంటే కొందరు ఉత్సాహంతో వెంటనే పూడ్చేస్తారు. అది గోడ నుంచి కారే నీటిని సంప్ గుంతకు పంపే దారి అయితే ముట్టరాదు. ఉత్త సందే అయితే ఫోమ్ తాడు దూర్చి, పైన పాలీయురెథేన్ సీలెంట్ పట్టించాలి. మాస్కింగ్ టేపును రంగు గట్టిపడకముందే లాగాలి. ఆలస్యమైతే టేపుతోపాటు అంచూ ఊడొస్తుంది. ఆ పైన గోడ అడుగుకు కర్ర బద్ద కొట్టాలా, నాలుగంగుళాల వినైల్ పట్టీ అంటించాలా అన్న వివాదంలో నా తీర్పు వినైల్‌కే. చెమ్మకు కర్ర ఉబ్బుతుంది.

చివరగా గృహస్థునికి ఒక్క మాట: నడవడానికి ఎన్ని గంటలు, బరువు పెట్టడానికి ఎన్ని రోజులు అన్నది డబ్బా మీదే రాసి ఉంటుంది. అది చదివాకే సోఫా దించండి.