టాప్ ఫైవ్ పర్సెంట్ సెక్షన్

"మాది చిన్న కాలేజీ అండీ, ప్రతి స్టూడెంటూ మా ఫ్యాకల్టీకి పర్సనల్‌గా తెలుసు" అంటారు అడ్మిషన్లప్పుడు. ఎంత తెలుసో నాలుగో ఏడు తేలుతుంది. అమెరికాలో ఎంఎస్‌కి మూడు రికమెండేషన్ లెటర్లు కావాలని కుర్రాడు హెచ్‌వోడీ గది ముందు నిలబడితే, సారు ఆప్యాయంగా అడిగే మొదటి ప్రశ్న: "నీ హాల్‌టికెట్ నంబరెంత?" ఆ వెంటనే ఆజ్ఞ: "నువ్వే రాసుకురా, సంతకం పెడతా."

రాయడానికీ పెద్ద కష్టం లేదు. కన్సల్టెన్సీలో ఫార్మాటు సిద్ధంగా ఉంటుంది, పేరూ బ్రాంచీ మారిస్తే చాలు. అటెండెన్సు 75 శాతం లేక కండొనేషన్ ఫీజు కట్టినవాడు అందులో క్రమశిక్షణకు మారుపేరు. ల్యాబ్ రికార్డు జూనియర్‌తో రాయించినవాడికి పరిశోధనంటే ప్రాణం. సెక్షన్లో 60 మంది. లెటర్లో రాసే టాప్ ఫైవ్ పర్సెంట్ అంటే ముగ్గురు. ఆ ముగ్గురిలోనే అప్లై చేసిన ప్రతివాడూ సర్దుకుంటాడు. ఆ లెక్క కింద సంతకం మ్యాథ్స్ సారుదే.

అసలు తమాషా అప్లికేషన్ పోర్టల్లో ఉంది. విద్యార్థి తన రికార్డులు తను చూసుకోవచ్చని అమెరికాలో 1974లో ఫెర్పా చట్టం వచ్చింది. రికమెండేషన్ లెటర్ విషయంలో ఆ హక్కు వదులుకుంటే, గురువుగారు మొహమాటం లేకుండా నిజం రాస్తారని యూనివర్సిటీల ఆశ. మనవాడు రాత్రి తను రాసుకున్న లెటర్‌ని జన్మలో చూడనని పొద్దున్నే టిక్కు పెడతాడు. భీష్ముడు కూడా ఇంత తేలిగ్గా ప్రతిజ్ఞ చేసి ఉండడు. సారు పేరుతో మెయిల్ ఐడీ తెరిచిందీ వీడే కాబట్టి, "ప్రొఫెసర్‌గారూ, లెటర్ ఇంకా అందలేదు" అని యూనివర్సిటీ పంపే రిమైండర్లూ వీడి ఫోన్‌కే వస్తాయి.

సార్లను మాత్రమే అనడం అన్యాయం. చేతిలో మూడు సబ్జెక్టులు, నెత్తిన న్యాక్ గుర్తింపు ఫైళ్లు, వేసవిలో అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం, జీతం మాత్రం వచ్చినప్పుడే. పిల్లల మొహాలు గుర్తుపెట్టుకునే పని యాజమాన్యం వాళ్లకెప్పుడు అప్పగించింది?

ఎక్కడో ఒక మేడమ్ మాత్రం పట్టుబట్టి తనే రాస్తుంది. డెమో రోజున ప్రాజెక్టు పనిచేయకపోతే ఈ అమ్మాయి దాచకుండా చెప్పిందనీ, వారం తిరక్కుండా తప్పెక్కడుందో తనే పట్టుకుందనీ ఆరేడు వాక్యాలు రాసి, లెటర్‌హెడ్ మీద చేతికిస్తుంది. కన్సల్టెన్సీ కౌన్సెలర్ చదివి పెదవి విరుస్తాడు.

"ఇదేంటమ్మా, ప్రాజెక్టు ఫెయిలైందని రాశారు? మేడమ్‌కి మన ఫార్మాటు ఇవ్వలేదా?"